ముందు అడగండి, తర్వాత కూర్చోండి

నిర్మల్‌లో మనసు బాగాలేని మనిషి సరైన వైద్యం దాకా చేరాలంటే ఎన్ని గుమ్మాలు దాటాలో మనందరికీ తెలుసు. మొదట గాలి సోకిందంటాం. తాయత్తు కడతాం, నిమ్మకాయలు కోస్తాం. ఎవరో బాణామతి చేశారంటూ వాడలో ఒంటరిగా బతికే ముసలమ్మ మీద అనుమానం పెంచుకుంటాం. తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నిద్రమాత్రలు తెచ్చి మింగిస్తాం. పెళ్లయితే కుదురుకుంటాడని పెళ్లి చేసి, ఇంకో ఇంటి ఆడపిల్లను కూడా అందులోకి తోస్తాం. అన్నీ అయిపోయి ఏళ్లు గడిచాక, తెలిసినవాళ్లెవరూ కనపడరన్న ధైర్యంతో నిజామాబాదుకో హైదరాబాదుకో బస్సెక్కుతాం. అక్కడికి పోయాక కూడా ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చదివారు, ఏం చేయబోతున్నారు అని ఒక్క మాట అడగం. అడిగినంత కట్టి తల వంచుకుని తిరిగొస్తాం.

ఆలస్యం మనకు చేటు చేసింది. దాపరికం చేటు చేసింది. అన్నిటికంటే పెద్ద చేటు మాత్రం ఈ నోరు మూసుకోవడమే అని నేను గట్టిగా అంటాను. అంగట్లో ఎడ్లు కొనే రైతు నోరు తెరిపించి పండ్లు చూస్తాడు, నాలుగు అడుగులు నడిపించి చూస్తాడు, అప్పుడు గానీ పైసలు తీయడు. కన్నబిడ్డ మనసును ఒకరి చేతిలో పెట్టేటప్పుడు మాత్రం ఫ్లెక్సీ మీద పేరు చూసి సరిపెట్టుకుంటాం. మనం అడగం అన్న నమ్మకంతోనే మూడు సిట్టింగుల్లో నయం చేస్తామనే దుకాణాలు నడుస్తున్నాయి. మనం అడగం అన్న నమ్మకంతోనే ప్రభుత్వాలు కూడా నిద్రపోతున్నాయి.

కాబట్టి మొదట ఎవరు ఎవరో తెలుసుకోండి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసే అధికారం ఆ డాక్టరుది. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, రాయకూడదు. వారి పని జబ్బు తీరును పరీక్షలతో, మాటలతో అంచనా కట్టడం, మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేయడం. ఆ పనికి సైకాలజీలో ఎం.ఏ. ఒక్కటే చాలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఎవరిని క్లినికల్ సైకాలజిస్టు అనాలో స్పష్టంగా రాసింది. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన సంస్థలో క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. లేదంటే పీజీ తర్వాత రెండేళ్లు పూర్తికాలం ఎం.ఫిల్ చేసి, అందులో భాగంగా పెద్దల పర్యవేక్షణలో రోగులను చూసి ఉండాలి. రెండేళ్లు ఆసుపత్రిలో పని నేర్చుకున్నవారికీ, వారాంతపు శిక్షణలో పత్రం తెచ్చుకున్నవారికీ తేడా తెలియకపోతే ఆ నష్టం మన పిల్లలది.

ఆర్‌సీఐ దగ్గర పేరు నమోదైన ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంటుంది. సీఆర్‌ఆర్ నంబరు అంటారు. ఆ నంబరు అడగండి. ఆర్‌సీఐ వెబ్‌సైటులో పేరు సరిచూసుకోవచ్చు, ఫోను వాడడం వచ్చిన మీ పిల్లలే ఐదు నిమిషాల్లో చూసి పెడతారు. నిజంగా చదువుకున్నవారు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు, గోడ మీది పత్రం చూపించి ముందుకు పోతారు. నొచ్చుకుని, నన్నే అనుమానిస్తావా అని గొంతు పెంచితే లేచి వచ్చేయండి. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! ఒకరి బతుకు మీద ప్రయోగాలు చేసినందుకు ఈ దేశం పెట్టిన వెల అది. చట్టం ఇంత మెతకగా ఉన్నప్పుడు మన ప్రశ్నే మనకు కాపలా.

ఇక గదిలోపల ఏం జరుగుతుందో తెలియక చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. హిప్నటైజ్ చేసి నిజాలు కక్కిస్తారని, మన మాటలన్నీ రికార్డు చేస్తారని, కరెంటు పెడతారని భయపడతారు. జరిగేది చెబుతాను. మన జిల్లాలో ఏ వాడకు పోయినా కనపడే ఇల్లే తీసుకోండి. భర్త దుబాయిలో, మస్కట్‌లో. ఆవిడ పొద్దంతా చాట ముందు వంగి కూర్చుని బీడీలు చుడుతుంది. కొన్నాళ్లుగా ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడదు, చేతులు తిమ్మిరెక్కుతాయి, ఇప్పుడే ప్రాణం పోతుందనిపిస్తుంది. దవాఖానకు తీసుకుపోతే ఈసీజీ తీస్తారు, గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు, ఏమీ లేదు పొమ్మంటారు. వారానికి మళ్లీ అదే. అత్త నటన అంటుంది, మరదలు గాలి అంటుంది.

ఈవిడ అసలైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్లిందనుకోండి. మొదట వెంట వచ్చినవాళ్లు మాట్లాడతారు, ఎప్పుడూ అంతే. కాసేపు విని వాళ్లను బయట కూర్చోమంటారు. తర్వాత ఆవిడను అడుగుతారు. ఎప్పటి నుంచి? రాత్రి ఎన్నింటికి పడుకుంటావు, ఎన్నింటికి మెలకువ వస్తుంది? అన్నం సయిస్తోందా? దడ వచ్చినప్పుడు ఎక్కడున్నావు, మనసులో ఏమనుకున్నావు? చావాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తారేమోనని ఇంట్లోవాళ్లు వణుకుతారు. పుట్టదు. అడిగినందువల్ల ఆ బరువు దించుకునే దారి దొరుకుతుంది. థైరాయిడ్ పరీక్ష చేయించారా, రక్తం తక్కువుందా అని కూడా అడుగుతారు, ఎందుకంటే ఒంట్లో జబ్బు మనసు జబ్బులా కనపడవచ్చు. ఆ పరీక్షల కాగితాలు, ఇదివరకు వాడిన మాత్రల అట్టలు వెంట తీసుకుపోండి. పిల్లవాడి కోసం వెళితే బడి రిపోర్టులు తీసుకుపోండి.

అక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. ఒక నోటుపుస్తకంలో గీతలు కొట్టి రాయమంటారు. దడ ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం భయపడ్డావు, చివరికి ఏం జరిగింది. రెండు వారాలు రాశాక ఆవిడకే కనపడుతుంది, ప్రతిసారీ చచ్చిపోతాననుకుంది, ప్రతిసారీ కాసేపటికి దడ దానంతటదే దిగిపోయింది. భయపడి మానేసిన పనులను, బస్సెక్కడం, సంతకు పోవడం, కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టిస్తారు. దీన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే వైద్యుడు దీనికి పునాది వేశారు, ప్రపంచమంతా పరీక్షించి చూసిన పద్ధతి ఇది. ఒక్కో సిట్టింగు ముప్పావు గంట నుంచి గంట. వారాల తరబడి సాగుతుంది. ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసం చేయకపోతే ఫలితం ఉండదు. మీకు సలహాలు చెప్పి, భర్తతో సర్దుకుపో తల్లీ అని పంపేవారు చికిత్స చేయడం లేదు. ఆ సలహా ఇరుగుపొరుగు వాళ్లు ఎప్పుడో ఇచ్చేశారు.

అందుకే మొదటి సిట్టింగు ముగిసేలోపు ఈ ప్రశ్నలు అడిగి తీరాలి. నాకున్న ఇబ్బంది ఏమిటని మీరనుకుంటున్నారు? ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు? సుమారుగా ఎన్నిసార్లు రావాలి? ఒక్కోసారికి ఎంత, పరీక్షలకు విడిగా ఎంత? మందులు కావాలనిపిస్తే ఏ సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతారు? తగ్గుతోందో లేదో ఎట్లా తెలుస్తుంది? గ్యారంటీ ఇచ్చేవారిని నమ్మకండి. డాక్టరు రాసిన మందులు ఇవాళే ఆపేయమని చెప్పేవారిని అసలే నమ్మకండి. మనకు కుదరలేదనిపిస్తే ఇంకొకరి దగ్గరకు పోవచ్చు, అది ద్రోహం కాదు. మన వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు కూడా 2017 చట్టం ఇచ్చింది.

చికిత్స చేసేవారి దగ్గర కల్లు సంగతి దాచకండి. ఈ మాట నిర్మల్‌లో, నిజామాబాదులో పెద్ద గొంతుతో చెప్పాలి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఏమైందో గుర్తు తెచ్చుకోండి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతూ, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆసుపత్రులకు, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బారులు తీరారు. వాళ్లకు పిచ్చి పట్టలేదు. కల్లులో కలిపిన అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులకు ఏళ్లుగా అలవాటైన ఒళ్లు ఒక్కసారిగా ఆ మత్తు ఆగేసరికి విలవిల్లాడింది. ఆర్‌ఎంపీ కాగితం మీద రాసి ఇచ్చే నిద్రమాత్ర కూడా చాలాసార్లు ఆ మత్తుమందుల కుటుంబానిదే. నెలల తరబడి వాడి సొంతంగా ఠక్కున ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. రోజుకు ఎంత తాగుతారో, ఏ మాత్ర ఎన్నాళ్లుగా వేస్తున్నారో సిగ్గుపడకుండా చెప్పండి. తీర్పు చెప్పడానికి కాదు, ప్రమాదం లేకుండా తగ్గించడానికే ఆ లెక్క కావాలి.

ఇక నలుగురికీ తెలిస్తే అన్న భయం. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ఎర్రగడ్డకు పంపుతం బిడ్డా అనే మాటను మనం పిల్లల మీద బెదిరింపుగా వాడుతున్నాం. ఎర్రగడ్డలో ఉన్నది ఒక ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడ చికిత్స పొంది ఇంటికొచ్చి కాపురాలు చేసుకుంటున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆ మాట మానేయండి. సంబంధం చెడుతుందని, ఉద్యోగం పోతుందని, పట్టా భూమి అన్నదమ్ములు లాక్కుంటారని భయపడేవాళ్లకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో జవాబు ఉంది. మానసిక అనారోగ్యం ఉన్నంత మాత్రాన మతి స్థిమితం లేనివాడని ఎవరూ అనడానికి వీల్లేదు, అది కోర్టు తేల్చాలి. చికిత్స సంగతి గుట్టుగా ఉంచే బాధ్యతను 23వ సెక్షన్ వైద్యం చేసేవారి మీద పెట్టింది. ఆ గుట్టుకు హద్దులూ ఉన్నాయి, అవి మొదటిరోజే అడిగి తెలుసుకోండి. ప్రాణానికి ముప్పు ఉందనిపించినప్పుడు ఇంట్లోవాళ్లకు చెబుతారు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలని, కేసు పెట్టి వేధించకూడదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ అంటుంది. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకుపోకుండా ఇంట్లో పెట్టుకున్న వాళ్లు ఈ ఒక్క సెక్షన్ తెలియక బిడ్డలను పోగొట్టుకున్నారు.

దైవం మీద నమ్మకం మీ ఇష్టం. దర్గాకు పోండి, పోచమ్మకు మొక్కండి, బాసరలో అక్షరం దిద్దించండి. నమ్మకం పేరుతో మనిషిని గొలుసుతో కట్టేయకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గరి ప్రైవేటు షెడ్డులో మంటలు లేస్తే, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. 28 మంది. ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదని ఇప్పటి చట్టంలో రాసి ఉంది. ఇంట్లో వేసినా అది అమానుషమే.

బాసర పేరు ఎత్తితే గుండె మండుతుంది. 2008లో అక్కడ మొదలైన ట్రిపుల్ ఐటీకి పదో తరగతి పాసైన పిల్లలు వస్తారు, ఎక్కువమంది పల్లెటూరి బడుల నుంచి, పేదిళ్ల నుంచి. పదిహేను, పదహారేళ్ల వయసులో ఇల్లు విడిచి ఆరేళ్లు అక్కడుండాలి. 2022లో సౌకర్యాల కోసం ఎండలో, వానలో రోజుల తరబడి కూర్చుని ఉద్యమించారు. 2022, 2023లో అక్కడి విద్యార్థుల మరణాలు వరుసగా వార్తలకెక్కాయి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతిసారీ ఒక విచారణ, ఒక ప్రకటన, ఆ తర్వాత మౌనం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం మీద 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని ఆదేశించింది. నిర్మల్, భైంసా, ఖానాపూర్‌లలో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులారా, ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల కంటే ముందు ఆ మనిషి ఎవరు, ఏం చదివారు, ఏ రోజుల్లో ఉంటారు అని అడగండి. డ్రిల్లు సారుకు కౌన్సెలర్ అని పేరు పెట్టి చూపిస్తే ఒప్పుకోకండి. పిల్లవాడు నోరు తెరిచి బాగాలేదు అంటే, తిండికి తక్కువైందా, బట్టకు తక్కువైందా అని మాత్రం అనకండి. ఆ మాటతో ఆ నోరు మళ్లీ తెరుచుకోదు.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దేశవ్యాప్త మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన బాధ లెక్కలోకే రాలేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. దాని కింద ప్రతి జిల్లాకు సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు కూడా ఉండాలి. 2016లో నిర్మల్ జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. భవనాలు ఎత్తుగా లేచాయి. మనసు చికిత్స కోసం మాత్రం ఇప్పటికీ మహబూబ్ ఘాట్ ఎక్కి ఆదిలాబాద్ రిమ్స్‌కో, గోదావరి దాటి నిజామాబాదుకో, రెండు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాదుకో పోవడమే మనవాళ్లకు అలవాటైన దారి. వారానికొకసారి జరగాల్సిన చికిత్సకు వారానికొకసారి హైదరాబాద్ పోగల బీడీ కార్మికురాలు ఎవరు? ఒక పూట పని పోతే ఆ పూట పొయ్యి వెలగని ఇంటికి పన్నెండు సిట్టింగులు రాసివ్వడం వైద్యమా?

2017 చట్టం ఏం చెబుతోందో ప్రతి సర్పంచికీ, ప్రతి ఎమ్మెల్యేకీ చదివి వినిపించాలి. ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందే హక్కు 18వ సెక్షన్ కింద ప్రతి మనిషికీ ఉంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, కార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఒక్క రూపాయి తీసుకోకూడదు. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, జిల్లాలోనే మరోచోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 21వ సెక్షన్ చెప్పింది. జనాభాకు తగినంత మంది మానసిక ఆరోగ్య నిపుణులను అంతర్జాతీయ ప్రమాణాలకు సరిపోయేలా సమకూర్చుకోవడానికి ప్రయత్నించాలని కూడా రాసి, ప్రభుత్వాలకు పదేళ్ల గడువు ఇచ్చింది. చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న. గడువు 2028 మే నాటికి తీరిపోతుంది. ఇన్నేళ్లలో ఎన్ని పోస్టులు మంజూరు చేశారు, ఎన్ని నింపారు, నిర్మల్‌కు ఎంతమంది వచ్చారు అని అసెంబ్లీలో లేచి అడిగిన నాయకుడికే ఓటు వేస్తామని చెప్పే రోజు రావాలి.

ఈలోపు చేతిలో ఉన్నదాన్ని వాడుకోండి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్ ఫోను సేవకు 14416 నంబరు ఉంది. డబ్బు కట్టక్కరలేదు, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. చావు ఆలోచన వచ్చిన మనిషి పక్కన ఉండి, ఒంటరిగా వదలకుండా, ఆ నంబరుకు మీరే ఫోను కలిపి ఇవ్వండి. ప్రమాదం తలుపు దగ్గరికే వచ్చిందనిపిస్తే ఫోనుతో ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకుపోండి.

సోమవారం పొద్దున జిల్లా కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. భూమి తగాదాల కోసం, పింఛన్ల కోసం మనం బారులు తీరే చోటు అది. వచ్చే సోమవారం ఒక కాగితం పట్టుకుపోండి. జిల్లా ఆసుపత్రిలో ఆర్‌సీఐ నమోదున్న క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా, ఉంటే ఏ గదిలో, ఏ రోజుల్లో, ఎన్ని గంటల దాకా అని అందులో రాయండి. ఉన్నారంటే ఆ వివరం ఊరూరా చాటింపు వేయించమని అడగండి. లేరంటే ఎప్పటికి వస్తారో తేదీ వేసి రాతపూర్వకంగా ఇమ్మనండి. రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే మరుసటి సోమవారం పదిమందితో పోండి. ఇన్నాళ్లూ గుట్టుగా బస్సెక్కిన కుటుంబాలన్నీ ఒక్క బారులో నిలబడితే ఆ సైకాలజిస్టు కుర్చీ ఖాళీగా ఉంచే దమ్ము ఏ ప్రభుత్వానికీ ఉండదు.